దేవుని మీద ఆధారపడి దీనంగా నడవడం ఎలా? సోమవారం నుంచి శనివారం వరకు పనికొచ్చే మార్గదర్శి

"దేవుని మీద ఆధారపడాలని ప్రతి ఆదివారం వింటున్నాం. సోమవారం పొద్దున్నే అప్పు ఇచ్చినాయన గుమ్మంలో నిలబడితే ఎలా ఆధారపడాలో మాత్రం ఎవరూ చెప్పరు." శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కూడిక అయ్యాక ఈ మాట మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. అడగవలసిన ప్రశ్నే. కాబట్టి ఇక్కడ ఎలా చేయాలన్నదే రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. ఆధారపడటం, దీనత వేర్వేరు పాఠాలు కావు. పని ఫలితాన్ని దేవుని చేతిలో పెట్టడం ఆధారపడటం. ఆ పనికి వచ్చే పేరును కూడా ఆయన చేతిలోనే పెట్టడం దీనత. భయంలో ఉన్న మనిషి తనను తాను కాపాడుకోవడంలోనే మునిగి ఉంటాడు, ఇంకొకరి ముందు తగ్గడానికి అతనికి ధైర్యం చాలదు. 1 పేతురు 5:6, 7 వచనాలు పక్కపక్కనే చదవండి. దీనమనస్కులై ఉండమన్న వెంటనే చింత యావత్తు ఆయన మీద వేయమంటాడు పేతురు. అందుకే ఇక్కడ ముందు చింత సంగతి, తర్వాత దీనత సంగతి.

## 1. మొదలుపెట్టే ముందు

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే అప్పకు, తెల్లవారుజామున ఆమదాలవలసలో రైలెక్కి విశాఖకు కూలికి పోయే తమ్ముడికి గంటసేపు కూర్చునే వీలుండదు. పదిహేను నిమిషాలు చాలు. రోజూ ఒకే సమయం, ఒకే చోటు ఉంటే మేలు.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఒక చిన్న నోటు పుస్తకం. ఫోన్‌లో రాసుకోవద్దు, ఫోన్ తీస్తే మనసు ఇంకెక్కడికో పోతుంది.
- బైబిల్లో ముందే గుర్తు పెట్టుకున్న నాలుగు భాగాలు: కీర్తన 13, సామెతలు 3:5-6, మత్తయి 6:25-34, ఫిలిప్పీయులకు 2:1-11. మొదటి నెల ఇవే తిప్పి తిప్పి చదవండి.
- నోరు జారని ఒక మనిషి. మీ సంగతి విని, బయటపెట్టకుండా, మీతో కలిసి ప్రార్థన చేసేవాళ్లు. సంఘ కాపరి అయ్యగారే కానక్కర్లేదు. స్త్రీల కూటమిలో పెద్దావిడ కావచ్చు, పక్క ఊళ్లో మీ వదిన కావచ్చు.

చదవడం రానివాళ్లు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి, లేదా ఆడియో బైబిల్ పెట్టుకోండి. రాయడం బదులు ఆ మనిషితో నోటితో చెప్పుకోండి.

## 2. ఒక్క చింతను తీసుకుని, దానికి పేరు పెట్టండి

"ప్రభువా, మా కష్టాలన్నీ తీర్చు" అనే ప్రార్థనతో ఇబ్బంది ఏమిటంటే, జవాబు వచ్చినా మనకు తెలియదు. ఏం అడిగామో మనకే గుర్తుండదు.

ఈ వారం మిమ్మల్ని ఎక్కువగా పీడిస్తున్న సంగతి ఒక్కటి రాయండి. "డబ్బు ఇబ్బంది" అని వదిలేయకండి. "పాప పెళ్లికి తెచ్చిన అప్పులో ఈ నెల వడ్డీ ఇంకా కట్టలేదు" అని రాయండి. "ఆరోగ్యం" అంటే సరిపోదు. "నాన్నకు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, డయాలసిస్ అంటారేమోనని భయంగా ఉంది" అని రాయండి.

తర్వాత ఆ మాటనే దేవునితో పైకి చెప్పండి. మెరుగులు దిద్దకండి. కోపంగా ఉంటే కోపంగా ఉందనే చెప్పండి. కీర్తన 13లో దావీదు "ఎన్నాళ్లవరకు?" అని ఆరంభిస్తాడు, స్తుతి ఆఖర్న వస్తుంది. మనం స్తుతితో మొదలుపెట్టి భయాన్ని దాచేస్తాం, దాచిన భయం రాత్రి నిద్ర చెడగొడుతుంది.

నమ్మకం సరిపోవడం లేదనిపిస్తే మార్కు 9:24లోని ఆ తండ్రి ప్రార్థనే మీదీ చేసుకోండి: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఆ మాట విన్నాకే యేసు అతని బిడ్డను బాగు చేశాడు.

## 3. మీ వంతు ఏది, దేవుని వంతు ఏది?

అసలు పని ఇక్కడ ఉంది. చాలామంది తప్పిపోయేదీ ఇక్కడే. కొందరు తమ వంతు కూడా దేవుని మీద పడేసి కూర్చుంటారు. ఇంకొందరు దేవుని వంతు కూడా తామే మోయబోయి కుంగిపోతారు.

కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు "నేను చేయగలిగింది", కుడి వైపు "నా చేతిలో లేనిది". రాసిన చింతను ఈ రెండింటిలోకి విడదీయండి. మన దగ్గర తరచూ ఎదురయ్యే కొన్ని సంగతులు చూద్దాం.

వరి రైతు. వాన, తుపాను, ధర అతని చేతిలో లేవు. కాలువ గట్టు చూసుకోవడం, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రంలో కనుక్కోవడం, తుపాను హెచ్చరిక వస్తే కోసిన పనలను కుప్ప వేసి కప్పడం అతని చేతిలో ఉన్నవి. ఈ-క్రాప్ చేయించుకోకుండా "ప్రభువు చూసుకుంటాడు" అంటే అది విశ్వాసం కిందికి రాదు.

ఆర్మీకి పరిగెత్తే కుర్రాడు. మన జిల్లాల్లో తెల్లారకముందే రోడ్ల మీద పరిగెత్తే పిల్లలు ఎందరో. 1.6 కిలోమీటర్ల పరుగు సాధన, రాత పరీక్ష చదువు, వేళకు నిద్ర, సర్టిఫికెట్లు సరిచూసుకోవడం ఎడమ వైపు. ఎంతమంది వస్తారు, మార్కుల గీత ఎక్కడ పడుతుంది అన్నవి కుడి వైపు. ఉద్యోగం వస్తేనే దేవుడు ఉన్నట్టు అని ఆ పిల్లాడికి నేర్పకండి. రాకపోయిన రోజు వాడు ఉద్యోగంతో పాటు దేవుణ్ణి కూడా పోగొట్టుకుంటాడు.

చేపల వేటకు వెళ్లినవారి ఇల్లు. భర్త గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద ఉన్నాడు. సముద్రం, గాలి, పాకిస్తాన్ సరిహద్దు ఆ ఇల్లాలి చేతిలో లేవు. బోటు పేరు, యజమాని నంబరు, భర్త ఆధార్ నకలు ఇంట్లో ఉంచుకోవడం ఆమె చేతిలో ఉంది. ఇక్కడే వేట చేసుకునేవారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ప్రతి ఏడూ వచ్చేదే. ఆ రెండు నెలల బియ్యానికి ముందే కొంత పక్కన పెట్టడం, ప్రభుత్వమిచ్చే భృతికి పేరు రాయించుకోవడం మన వంతు.

కిడ్నీ జబ్బు ఉన్న ఇల్లు. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఇది ఇంటింటి బాధ కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మందులు, డాక్టరు చెప్పిన ఆహారం, డాక్టరు చెప్పినన్నిసార్లు డయాలసిస్, ఒంటి నొప్పులకు దుకాణంలో దొరికిన మాత్ర మింగకుండా ఉండటం అన్నీ ఎడమ వైపువే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. అక్కడికి వెళ్లడం విశ్వాసం తగ్గినట్టు కాదు.

యెషయా 38 తెరవండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. అదే అధ్యాయం 21వ వచనంలో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందు కూడా పెట్టించాడు. "ప్రార్థన చేశాం, ఇక డయాలసిస్ మానేయండి" అని ఎవరైనా అంటే, వాళ్లు ఎంత పేరున్న సేవకులైనా సరే, వినకండి. ఒకటి రెండు సార్లు మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. స్వస్థత జరిగిందని నమ్మితే పరీక్ష చేయించండి, మందు ఆపాలో వద్దో డాక్టరు చెబుతారు. నిజంగా జరిగిన స్వస్థత రక్తపరీక్షకు భయపడదు.

గీత గీశాక సరిచూసుకోండి:

- ఎడమ వైపు రాసినవన్నీ ఈ వారంలో చేయగలిగేవేనా?
- ఇంకొకరి మనసు మార్చడం ఎడమ వైపు రాశానా? అయితే కుడి వైపుకు మార్చాలి.
- చేయాలని లేక, నా పనిని కుడి వైపుకు తోసేశానా?

మూడోది నిజాయితీగా చూసుకోండి. అప్పు ఇచ్చినాయనకు ఫోన్ చేసి గడువు అడగడం ఎవరికైనా నామోషీగానే ఉంటుంది. అయినా అది ఎడమ వైపు పనే.

## 4. చేయండి, తర్వాత అప్పగించండి

ఈ వరస మార్చకండి. నెహెమ్యా 4:9లో శత్రువు వస్తున్నాడని తెలిసి యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబవళ్లు కావలీ పెట్టారు. ఒక్క వచనంలోనే రెండూ ఉన్నాయి.

పొద్దున: ఎడమ వైపు నుంచి ఒక్క పని ఎంచుకుని, "ప్రభువా, ఇది ఈ రోజు చేస్తాను, తోడుండు" అని చెప్పి లేవండి.

రాత్రి: చేసిన పని పక్కన టిక్కు పెట్టండి. కుడి వైపు రాసినవి ఒక్కొక్కటీ పైకి చదివి, "ఇది నీది" అనండి. పుస్తకం మూసేయండి.

రాత్రి రెండు గంటలకు అదే చింత మళ్లీ వస్తుంది. రాదని అనుకోకండి. వచ్చినప్పుడు మళ్లీ పెద్ద ప్రార్థన మొదలుపెట్టవద్దు, అది ఒక్కోసారి మోకాళ్ల మీద చేసే ఆలోచనగా మారిపోతుంది. "అప్పగించాను ప్రభువా" అని ఒక్క మాట అని పక్కకు తిరగండి. పదిసార్లు వస్తే పదిసార్లు అనండి. ఇశ్రాయేలీయులకు అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం, మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే దొరికింది. రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది (నిర్గమ 16).

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోతే, అన్నం సహించకపోతే, చచ్చిపోవాలనే ఆలోచన వస్తే దాన్ని విశ్వాస లోపమని దాచుకోవద్దు. ఏలీయా ప్రవక్త కూడా బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని తిట్టలేదు, దూత చేత అప్పం, నీళ్లు ఇప్పించి పడుకోనిచ్చాడు (1 రాజులు 19). డాక్టర్ని కలవండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

## 5. దేవుడు "కాదు" అన్నప్పుడు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో తాతలు నాటిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో పడిపోయాయి. అక్కడ ప్రార్థన చేసేవాళ్ల తోటలూ పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది, ముసలి రైతుకు ఆ ఏళ్లు ఎక్కడివి? ఆ ఇళ్లలో కూర్చుని సులువైన మాటలు చెప్పలేం. హబక్కూకు 3:17-18 అలాంటి ఇళ్ల కోసమే రాసినట్టు ఉంటుంది. చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పంటకు రాకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు ప్రవక్త. అయితే అది నష్టపోయినవాడు తనంతట తాను అనుకోవలసిన మాట. పక్కవాడు వచ్చి అప్పజెప్పే మాట కాదు.

మీకే అలా జరిగితే:

- ముందు ఏడవండి. లాజరు సమాధి దగ్గర యేసు కూడా ఏడ్చాడు.
- కారణం వెతకడం ఆపండి. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి "ఎవరు పాపం చేశారు?" అని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కే ఒప్పుకోలేదు.
- గెత్సేమనేలో ఆయన చేసిన ప్రార్థన చదవండి. గిన్నె తొలగించమని అడిగాడు, తొలగలేదు. అడగడం తప్పు కాలేదు.
- కాగితం మీద కొత్త గీత గీయండి. ఇప్పుడు ఎడమ వైపు ఏముంది? నష్టం నమోదు, పిల్లల ఫీజు, రేపటి వంట.

వేరొకరికి జరిగితే, వాళ్లింటికి అన్నం వండి పట్టుకెళ్లండి. కూర్చోండి. "మీ విశ్వాసం ఇంకా బలపడాలి" అన్న మాట మాత్రం అనకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు.

## 6. దీనత ఇంట్లో మొదలుపెట్టండి

సంఘంలో దీనంగా ఉండటం తేలిక, అక్కడ అందరూ చూస్తారు. ఇంట్లో మొదలుపెట్టండి. యోహాను 13లో యేసు తువాలు కట్టుకుని కాళ్లు కడిగింది తనతో రోజూ కలిసి తిన్నవాళ్లవే, తనను పట్టించబోయే యూదావి కూడా.

క్షమాపణ అడగడం. "తప్పు నాది. అలా అనకుండా ఉండాల్సింది" అని ఆపండి. "కానీ నువ్వు కూడా" అని కలిపితే మొదటి మాట చెరిగిపోతుంది. భార్యను అడగండి, పిల్లల్ని కూడా అడగండి. తండ్రి తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లలకు పాపక్షమాపణ గురించి సండే స్కూల్లో కొత్తగా చెప్పనక్కర్లేదు.

పనిలో. కూలివాళ్లను, ఆటో నడిపే అబ్బాయిని, హోటల్లో బల్ల తుడిచే గుంటడిని ఎలా పిలుస్తున్నారో ఒక్క రోజు గమనించండి. "ఒరే" అని పిలిచే నోరే "వందనాలు అయ్యగారూ" అంటుంటే ఏదో సరిచేసుకోవాల్సింది ఉన్నట్టే. కూలి ఇచ్చే రోజు ఆలస్యం చేయకుండా ఇవ్వడం కూడా దీనతలో భాగమే. సాయంత్రం లోపు ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24:15 ఖచ్చితంగా చెబుతుంది.

సంఘంలో. ప్లాస్టిక్ కుర్చీ ఎవరికి, చాప ఎవరికి? యాకోబు 2:1-9 సరిగ్గా దీని గురించే. ఉద్యోగస్తుడు వస్తే ముందు వరస ఖాళీ చేయించి, వలస కూలి వస్తే వెనక నిలబెట్టడం పాపమని అక్కడ రాసి ఉంది. ఎవరి ఇంట్లో భోజనం చేస్తాం, ఎవరి ఇంట్లో టీ కూడా తాగకుండా వచ్చేస్తాం అన్నది కూడా చూసుకోవాలి. మన సంఘాల్లో కులం ఇంకా ఆ టీ గ్లాసు దగ్గరే దొరికిపోతుంది. ఇది మార్చడానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు, ఈ ఆదివారం మీరు వెళ్లి ఆ ఇంట్లో కూర్చుని టీ తాగండి.

సాక్ష్యం చెప్పేటప్పుడు. మైకు పట్టుకునే ముందు మూడు చూసుకోండి. "నేను" ఎన్నిసార్లు వస్తోంది? సాయం చేసిన మనుషుల్ని మరచిపోయానా? ఇంకా జరగనిది జరిగినట్టు చెబుతున్నానా?

ఇచ్చేటప్పుడు. కానుక కవరు మీద పేరు రాయకండి. ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు వేయించకండి. ఎవరికైనా ఫీజు కడితే ఆ పిల్లాడి ఫోటో స్టేటస్‌లో పెట్టకండి. ఎడమ చెయ్యికి తెలియకూడదన్న మత్తయి 6:3 ఫోన్‌కూ వర్తిస్తుంది.

తీసుకునేటప్పుడు. ఇవ్వడం కన్నా ఇది కష్టం. ఎవరైనా బియ్యం తెచ్చి ఇస్తే "మాకెందుకు, మేం బాగానే ఉన్నాం" అని తిప్పి పంపకండి. తీసుకోండి, థ్యాంక్స్ చెప్పండి. పేతురు కూడా మొదట కాళ్లు కడిగించుకోనన్నాడు.

## 7. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

బైబిలు కళ్లు మూసుకుని తెరిచి, వేలు పడ్డ వచనాన్ని జవాబుగా తీసుకోవడం. భూమి అమ్మాలా, సంబంధం ఖాయం చేయాలా అన్న సంగతులు ఇలా తేల్చకండి. ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ఆలోచన చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉంటే మేలని సామెతలు 15:22 చెబుతుంది.

బేరం పెట్టడం. "ఉద్యోగం వస్తే లక్ష ఇస్తాను" అనేది ఆధారపడటం కాదు, కొనుగోలు. ఇలా మొక్కుకుని ఇరుక్కుపోయినవారు అయ్యగారితో మనసు విప్పి మాట్లాడండి. వడ్డీకి తెచ్చి మాత్రం కట్టకండి.

అప్పు చేసి కానుక ఇవ్వడం. ఉన్నదానిలో నుంచే ఇవ్వాలని 2 కొరింథీయులకు 8:12. డ్వాక్రా లోను డబ్బు కానుక పెట్టెలో వేసి, వాయిదాకు తోటి సభ్యులను ఇరికిస్తే ఆ భారం వాళ్ల మీద పడుతుంది.

"నేను దేనికీ పనికిరాను" అనుకోవడమే దీనత అనుకోవడం. పాట బాగా పాడే అమ్మాయి "నాకేం రాదు" అంటే అది అబద్ధమే. వచ్చని ఒప్పుకుని పాడండి, మెచ్చుకుంటే "సంతోషం" అని ఊరుకోండి.

దెబ్బలు తిని మాట్లాడకుండా ఉండటం. ఈ మాట ఆడవాళ్లకు గట్టిగా చెప్పాలి. తాగి కొట్టే భర్తను భరించడం దీనత అని ఎవరు బోధించినా అది వాక్యం కాదు. దావీదు తన మీద ఈటె విసిరిన సౌలు రాజును చంపలేదు, అలాగని ఈటె ముందు నిలబడనూ లేదు, పారిపోయాడు. పుట్టింటికి వెళ్లండి, నమ్మకమైనవారికి చెప్పండి, మహిళల సహాయానికి 181 ఉంది. క్షమించడం, అదే ఇంట్లో ప్రమాదంలో ఉండిపోవడం రెండూ ఒకటి కావు.

పక్కింటివారితో పోల్చుకోవడం. వాళ్లబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, మనవాడికి రాలేదు. ఆ ఆలోచన వచ్చిన రోజే ఆ అబ్బాయి పేరు చెప్పి ప్రార్థన చేయండి. నోరు రాదు, అయినా చేయండి. కొన్ని రోజులకు కడుపుమంట తగ్గుతుంది.

## 8. శనివారం రాత్రి చూసుకోవలసినవి

ఆరాధనకు వెళ్లే ముందు రాత్రి పది నిమిషాలు:

- ఈ వారం ఎడమ వైపు పనుల్లో మిగిలిపోయినవి ఏవి?
- కుడి వైపు నుంచి మళ్లీ నా చేతిలోకి లాక్కున్నవి ఏవి?
- "ప్రభువు చిత్తమైతే" అనే మాట (యాకోబు 4:15) నోటితోనే అన్నానా, ప్లాను మారినప్పుడు కూడా అనగలిగానా?
- ఎవరికైనా క్షమాపణ బాకీ ఉందా? ఉంటే కానుక కంటే ముందు అదే (మత్తయి 5:23-24). పొద్దున్న గుడికి వెళ్లే దారిలో వాళ్లింటి మీదుగా వెళ్లండి.
- నా సంగతి తెలిసిన ఆ ఒక్క మనిషితో ఈ వారం మాట్లాడానా?

మధ్యలో పది రోజులు పుస్తకం తెరవకపోతే పాత పేజీలు నింపే ప్రయత్నం చేయకండి. ఆ రోజు చింత ఏమిటో రాసి, గీత గీసి, మూడో మెట్టు నుంచి మొదలుపెట్టండి. చింత తీరిపోయిన పేజీ పక్కన తేదీ వేయండి. తీరనివాటికి ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేయండి, మూడు నెలలకోసారి ఆ ఖాళీలను మీ ప్రార్థన తోడుతో కలిసి చదవండి. వాటిలో కొన్నింటికి మీరు అడగని రకంగా జవాబు వచ్చి ఉండవచ్చు. మరికొన్ని ఖాళీగానే ఉంటాయి, వాటిని కొత్త పేజీలోకి ఎక్కించి మళ్లీ అడగండి.